చలికాలంలో ఒకేసారి నాలుగైదు అల్లికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా వెళ్లగానే అటక మీది ఊలు సంచులు కిందికి దిగుతాయి. కార్తీక మాసం నడిమికి వచ్చేసరికి ఇంటాయనకు స్వెట్టర్, అత్తగారికి మఫ్లర్, కడుపుతో ఉన్న మరదలికి పుట్టబోయే బిడ్డ కోసం టోపీ, అన్నీ సూదుల మీదే ఉంటాయి, ఏదీ పూర్తయి ఉండదు. అల్లిక నేర్చుకునేవాళ్లూ, ఏళ్లుగా అల్లుతున్నవాళ్లూ ఈ విషయం మీద అడిగే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి. ఇక్కడి లెక్కలు హైదరాబాద్ చలిని దృష్టిలో పెట్టుకుని వేసినవి. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్నవాళ్లు ఇంకో నెల కలుపుకోవచ్చు. విశాఖ, బందరు వాళ్లు తీసేసుకోవచ్చు.

ఒకటి పూర్తి చేయకుండా ఇంకోటి మొదలుపెట్టడం తప్పా?

తప్పేమీ కాదు. "ముందు మొదలుపెట్టింది ముగించు" అని పెద్దవాళ్లు మందలిస్తారు కానీ, అన్ని అల్లికలూ అన్ని వేళలా అల్లేవి కావు. జడ డిజైన్ ఉన్న స్వెట్టర్‌ని రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు అల్లితే లెక్క తప్పుతుంది. ఆ ఒక్క పనే చేతిలో ఉంటే, లెక్కపెట్టే ఓపిక లేని రోజున సంచి తెరవనే తెరవరు. అలా వారం గడిచిపోతుంది.

నేను చూసేది ఎన్ని ఉన్నాయని కాదు, ఏ పని ఏ వేళకు పనికొస్తుందని. కళ్లు మూసుకుని అల్లగలిగేది ఒకటి, అంటే సాదా మఫ్లర్ లాంటిది. తలకు పని పెట్టేది ఒకటి. చేతిసంచిలో పట్టేది ఒకటి, అంటే టోపీ, సాక్సు, పాపాయి బూట్ల లాంటిది. ఈ మూడూ ఒకదాని సమయం ఒకటి తినేయవు. జడ డిజైన్ స్వెట్టర్లు రెండు పెట్టుకున్నారనుకోండి, రెండూ మీకు తీరిక, ఓపిక రెండూ ఉన్న ఆ ఒక్క గంట కోసమే పోటీ పడతాయి. వాటిలో ఒకటి వచ్చే ఏడాది దాకా సంచిలోనే ఉండిపోతుంది.

నాలుగోది పెట్టుకోవాలంటే నాదొక షరతు. దానికి ఒక తేదీ ఉండాలి. సీమంతమో, బారసాలో, ఎవరిదో ప్రయాణమో. తేదీ లేని నాలుగో పని మొదలుపెట్టకండి.

సంక్రాంతి లోపు ఎన్ని పూర్తి చేయగలను?

ఇది కుట్ల లెక్కలో తేలుతుంది. కొంచెం ఓపిక పట్టి చదవండి, ఆ తర్వాత ఎవరికీ ఉత్తుత్తి మాట ఇవ్వరు.

8వ నంబరు సూదుల మీద, మధ్యరకం మందం ఊలుతో, 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరుసలు వస్తాయనుకుందాం. పెద్దవాళ్ల స్వెట్టర్ వెనక భాగం 50 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. పొడవు. అంటే 110 కుట్లు, 180 వరుసలు. మొత్తం 19,800 కుట్లు. ముందు భాగం కూడా దాదాపు అంతే. ఒక్కో చెయ్యి సగటున 35 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవు వేసుకుంటే పదివేల పైచిలుకు కుట్లు, రెండు చేతులకు 20 వేలు దాటుతాయి. అన్నీ కలిపితే 60 వేలు. చంకల దగ్గర, మెడ దగ్గర తగ్గించేవి కొన్ని తీసేసినా, కుట్టి జోడించడం, మెడ పట్టీ వేయడం కలిపితే లెక్క మళ్లీ అంతే.

నిమిషానికి 20 కుట్లు వేసే చేతికి ఇది 50 గంటల పని. రోజుకు రెండు గంటలు దొరికితే 25 రోజులు. దసరా నుంచి సంక్రాంతికి సుమారు మూడు నెలలు. దీపావళి వారం, పెళ్లిళ్లు, చుట్టాలు, జ్వరాలు పోగా మిగిలే సమయంలో అయ్యేవి పెద్ద స్వెట్టర్లు రెండూ, చిన్నాచితకా పనులు మూడూ. అంతకంటే ఎక్కువ ఒప్పుకుంటే టెన్షన్ తప్ప ఇంకేమీ ఉండదు. మీ వేగం ఎంతో ఒకసారి గడియారం ముందు పెట్టుకుని చూసుకోండి. 20 రాకపోయినా కంగారు పడకండి, లెక్క సరిచేసుకుంటే చాలు.

మఫ్లర్ అయితే తొందరగా అయిపోతుంది కదా?

అందరూ ఇలాగే అనుకుంటారు! 20 సెం.మీ. వెడల్పు, ఒకటిన్నర మీటరు పొడవు మఫ్లర్‌కి పై లెక్క ప్రకారం 44 కుట్లు, 450 వరుసలు. గుణించి చూడండి, సరిగ్గా 19,800. అంటే స్వెట్టర్ వెనక భాగం ఎంతో మఫ్లర్ అంత. తేలిక పనే, చిన్న పని మాత్రం కాదు. "మఫ్లరే కదా, నాలుగు రోజుల్లో ఇచ్చేస్తా" అని ఆడపడుచుకు మాటిచ్చేముందు 16 గంటలు ఎక్కడున్నాయో చూసుకోండి.

చిన్న పని కావాలంటే టోపీ. పెద్దవాళ్లదైనా 6,600 కుట్లకు మించదు, ఐదారు గంటల్లో చేతికొస్తుంది. ఇంకో మాట. హైదరాబాద్ చలికి మగవాళ్లకు చేతులు లేని హాఫ్ స్వెట్టర్ చాలు. చేతులు తీసేస్తే మూడో వంతు పని తగ్గుతుంది. ఆఫీసుకి చొక్కా మీద వేసుకోవడానికి కూడా అదే బాగుంటుంది.

ఒకదాన్ని పక్కన పెట్టి రెండు వారాల తర్వాత తీస్తే ఎక్కడ ఆపానో తెలియడం లేదు. ఏం చేయాలి?

అన్ని ప్రశ్నల్లోకీ అసలు ప్రశ్న ఇదే. ఒకేసారి నాలుగు అల్లేవాళ్లకి పనులు పాడయ్యేది పనులు ఎక్కువై కాదు, ఆపిన చోటు రాసుకోక. గుర్తుంటుందని అనుకుంటాం. ఆ రోజు రాత్రి దాకా గుర్తుంటుంది. మర్నాడు ఇంకో స్వెట్టర్ వరుసల లెక్క వచ్చి దాని మీద కూర్చుంటుంది.

ప్రతి పనికీ విడిగా ఒక సంచి, ఆ సంచిలో ఒక చీటీ. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ చీటీ పనితోపాటే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. చీటీ ఇలా ఉండాలి:

"ఎడమ చెయ్యి. సూది 8. 38 వరుసలు అయ్యాయి. ప్రతి 6వ వరుసలో రెండు పక్కలా ఒక్కో కుట్టు పెంచుతున్నా. ఇక పెంచేది 42లో. ఇప్పుడు సూది మీద 60 కుట్లు."

చివర రాసిన కుట్ల సంఖ్య ముఖ్యం. మళ్లీ తీసినప్పుడు మొదట చేయాల్సింది ఆ 60 ఉన్నాయో లేదో లెక్కపెట్టడం. 59 ఉంటే ఎక్కడో ఒకటి జారింది, అల్లడం మొదలుపెట్టకముందే తెలిసిపోతుంది. "ఇప్పుడు ఏం చేయాలి" అనేది కూడా చీటీలో ఉండాలి. "38 అయింది" అని మాత్రమే రాస్తే సగం సమాచారమే.

వరుసల లెక్కకు సూదికి తగిలించుకునే కౌంటర్లు దొరుకుతాయి. లేకపోతే పదేసి వరుసలకు ఒక వేరే రంగు ఊలు ముక్క కుట్టులో గుచ్చి వదిలేయండి. పైసా ఖర్చు లేదు, కౌంటర్‌ని మనవడు తిప్పేస్తాడన్న భయమూ లేదు.

వరుస మధ్యలో ఆపాల్సి వచ్చింది. ఎటు నుంచి ఎటు వెళ్తున్నానో ఎలా తెలుస్తుంది?

ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది కుట్లకు అంటుకుని ఉందో ఆ సూది కుడి చేతిలోకి రావాలి. ఎందుకంటే ఆ దారం ఇప్పుడే అల్లిన కుట్టులోంచి వస్తోంది. అటూ ఇటూ మారిస్తే వెనక్కి తిరిగి అల్లుతారు, ఆ చోట చిన్న కన్నం పడుతుంది. కుక్కర్ కూత పెట్టినా సరే, వరుస చివరిదాకా వెళ్లి ఆపడం మేలు. జడ డిజైన్ అయితే జడ మెలి తిప్పిన వరుసలో ఎప్పుడూ ఆపకండి, దాని తర్వాతి సాదా వరుస కూడా పూర్తి చేసి ఆపండి.

నెలల తరబడి సూది మీదే వదిలేస్తే పాడవుతుందా?

కుట్లు పాడవవు గానీ, సూది ఉన్న వరుస సాగి అడ్డంగా ఒక గీతలా కనిపిస్తుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ ఒక్క వరుసా విప్పి తిరిగి అల్లితే పోతుంది. గొర్రె ఉన్నితో చేసిన అసలు ఊలు అయితే ఉతుకులో కొంత సర్దుకుంటుంది, అక్రిలిక్ (కృత్రిమ ఊలు) అంతగా సర్దుకోదు. కోస్తా ఊళ్లలో పాత స్టీలు సూదులు తుప్పు పట్టి లేత రంగు ఊలుకు మరక చేస్తాయి. ఎక్కువ రోజులు ఆపేదైతే సూది తీసేసి, కుట్లన్నిటినీ మొద్దు సూదితో ఒక నూలు దారంలోకి ఎక్కించి, రెండు కొసలూ ముడివేయండి.

సూది ఖాళీ అవుతుంది కూడా. 8వ నంబరు సూదులు ఇంట్లో ఒక్క జతే ఉండి, రెండు పనులకూ అవే కావాల్సినప్పుడు చేసేది ఇదే. చీటీలో సూది నంబరు రాయడం మర్చిపోకండి.

క్రోషా, అంటే ఒకే కొక్కెం సూదితో చేసే అల్లిక, చేసేవాళ్లకి ఈ బాధ లేదు. అందులో తెరిచి ఉండేది ఒక్క కుట్టే, దానికి పిన్నీసు పెట్టి పక్కన పడేయొచ్చు. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు ఇంటి పనుల మధ్య లేసు అల్లుతుంటారు, పిలుపు వస్తే చటుక్కున లేచి వెళ్లి మళ్లీ వచ్చి కూర్చోగలగడం ఆ పనిలోనే ఉంది. స్వెట్టర్ అలా కాదు, సూది మీద ఉన్న 110 కుట్లూ తెరిచే ఉంటాయి. చేతిసంచిలో పట్టే మూడో పనిగా క్రోషా పెట్టుకోమని నేను చెప్పేది అందుకే.

రెండు వారాల విరామం తర్వాత అల్లితే కుట్లు పెద్దవిగా వస్తున్నాయి. ఎందుకు?

మధ్యలో మీరు ఇంకో మందం ఊలు అల్లారు కాబట్టి. లావు ఊలుతో వదులుగా అల్లిన చెయ్యి సన్న ఊలు దగ్గరకి వచ్చినా కాసేపు అదే వదులు పట్టుకుని ఉంటుంది. విసుగులో ఉన్నప్పుడు బిగుతుగా, కబుర్లలో ఉన్నప్పుడు వదులుగా రావడమూ మామూలే.

ఇది తక్కువ విషయం కాదు. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావాల్సిన చోట 20 వస్తే, అదే 110 కుట్లు 50 బదులు 55 సెంటీమీటర్లు అవుతాయి. ముందు, వెనక కలిపితే చుట్టుకొలతలో 10 సెంటీమీటర్లు పెరిగినట్టు. బావగారి కోసం అల్లింది వాళ్ల నాన్నగారికి సరిపోతుంది. కాబట్టి ఆపిన పని తీసిన రోజు నాలుగైదు వరుసలు అల్లి టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే విప్పి, ఒక నంబరు మార్చి చూడండి. ఒకే స్వెట్టర్ ముందు, వెనక భాగాల మధ్య నెలల విరామం రాకుండా చూసుకుంటే ఇంకా మంచిది. ఆపాలనుకుంటే రెండూ అయ్యాక, చేతులు మొదలుపెట్టకముందు ఆపండి.

మా అమ్మాయి అమెరికా నుంచి సూదులు పంపింది. నంబర్లు కలవడం లేదు?

కలవవు. మన దుకాణాల్లో దొరికే సూదుల మీద పాత బ్రిటిష్ నంబర్లుంటాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. అమెరికా నంబర్లు దీనికి తిరగేసి, నంబరు పెరిగేకొద్దీ లావు. మన 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లు, వాళ్ల 10 ఏకంగా 6 మిల్లీమీటర్లు. మన 8 అంటే 4 మి.మీ., వాళ్ల 8 అంటే 5 మి.మీ. ఈ 8 దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు, చూడ్డానికి మరీ తేడాగా ఉండదు కాబట్టి ముందుగా పసిగట్టలేరు. మన 8కి సరిపోయేది వాళ్ల 6.

రెండు రకాలూ ఇంట్లో ఉంటే నంబర్లు మానేసి చీటీల్లో మిల్లీమీటర్లే రాసుకోండి. వెదురు సూదుల మీద అంకెలు చెరిగిపోతాయి, సూది దూర్చి మందం చూసుకునే కన్నాల పలక ఒకటి కొని పెట్టుకుంటే తగాదా ఉండదు.

ఊలు అంతా ఒకేసారి కొనాలా? నాలుగు పనులకు కొంటే చాలా అవుతుంది.

ఏ పని మొదలుపెడుతున్నారో దాని ఊలు మొత్తం ఒకేసారి కొనండి. మిగతా పనులవి తర్వాత కొనొచ్చు. ఉండ చుట్టూ ఉండే కాగితం మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు, ఉంటుంది. అదే రంగు, వేరే లాట్ అయితే దుకాణం బల్బు కింద తేడా తెలియదు, ఎండలో స్వెట్టర్ వేసుకున్నాక ఛాతీ దగ్గర గీత గీసినట్టు కనిపిస్తుంది. మన దగ్గరికి వచ్చే ఊలు చాలావరకు లూధియానా సరుకు. చలి ముదిరేసరికి దుకాణంలో లాట్ మారిపోతుంది, అయిపోయిన రంగు మళ్లీ రాకపోవచ్చు.

ఉజ్జాయింపుగా, పెద్దవాళ్ల నిండు చేతుల స్వెట్టర్‌కి 400 నుంచి 600 గ్రాములు, మఫ్లర్‌కి 150 నుంచి 200, ఏడాది లోపు పిల్లల స్వెట్టర్‌కి 100 నుంచి 150 గ్రాములు. ఒక ఉండ ఎక్కువే తీసుకోండి. కాగితాన్ని పారేయకుండా చీటీతోపాటు ఉంచండి.

సరిపోతుందా లేదా అన్న అనుమానం వస్తే వంటింటి త్రాసు తీయండి. మొదటి చెయ్యికి 75 గ్రాములు పట్టి, ఇప్పుడు 70 మిగిలితే, మొండిగా అల్లుకుంటూ పోవడం దండగ. రెండు చేతులకూ అంచు పట్టీలు వేరే రంగులో వేసేయండి, డిజైన్ అనుకుంటారు.

రెండో చెయ్యి అల్లబుద్ధి కావడం లేదు.

ఎవరికీ కాదు. ఒకే పనిని రెండోసారి చేయడం విసుగు, సరిగ్గా ఆ సమయంలోనే కొత్త ఊలు రంగు కంటపడుతుంది. రెండు చేతులూ ఒకే పొడవాటి సూది మీద, రెండు ఉండలతో పక్కపక్కనే అల్లండి. ఎడమది ఒక వరుస, కుడిది ఒక వరుస. పెంచడాలు, తగ్గించడాలు రెండింటికీ ఒకేసారి పడతాయి, పొడవు తేడా రాదు, విరామం వచ్చినా రెండూ ఒకే చోట ఆగుతాయి. ఉండలు రెండూ చెరో గిన్నెలో పెట్టుకుంటే మెలిపడవు. సాక్సులు కూడా ఇలా జతగా అల్లొచ్చు, కాస్త సాధన కావాలి.

ధనుర్మాసం వచ్చేసింది, మూడు సగంలో ఉన్నాయి. ఏది ముందు?

చిన్నపిల్లలది. పెద్దవాళ్ల కొలత వచ్చే ఏడాదికీ అదే, పొట్ట దగ్గర తప్ప. పిల్లలది ఆగదు. తర్వాత, మిగతావాటిలో ఏది పూర్తవడానికి దగ్గరగా ఉందో అది. ఏది ఎక్కువ ఇష్టమో అది కాదు.

పుట్టబోయే బిడ్డకైతే ఒక్క మాట. జనవరిలో పుట్టే బిడ్డకు అప్పుడే పుట్టిన కొలతలో స్వెట్టర్ అల్లితే వారాల్లో బిగుతైపోతుంది, ఫిబ్రవరి దాటాక హైదరాబాద్‌లో ఎండలొచ్చేస్తాయి. ఇప్పటికి టోపీ, బూట్లు చాలు. స్వెట్టర్‌ని ఏడాది పిల్లల కొలతలో అల్లి ఇవ్వండి, వచ్చే చలికి పనికొస్తుంది. అప్పటికి మీకూ ఊపిరి పీల్చుకునే టైమ్ దొరుకుతుంది.

గొంగడి ఉన్నితో స్వెట్టర్ అల్లొచ్చా?

అల్లొచ్చు గానీ వేసుకోలేరు. దక్కనీ గొర్రెల ఉన్ని బిరుసు, చర్మానికి గుచ్చుకుంటుంది. కురుమలు దాన్ని మగ్గం మీద నేసేది కప్పుకోవడానికి, వానకు చలికి అడ్డం పెట్టుకోవడానికి. దాని పని అది గొప్పగా చేస్తుంది.

చేతులు నొప్పెడుతున్నాయి. పనులు తగ్గించాలా?

ముందు గంటలు తగ్గించండి. అరగంటకోసారి సూదులు కింద పెట్టి వేళ్లు చాచండి. పొద్దున్నే చలికి బిగుసుకున్న వేళ్లతో మొదలుపెట్టకండి, వేడి కాఫీ గ్లాసు పట్టుకుంటే సరిపోతుంది. లావు ఊలు, సన్న ఊలు పనులు మార్చి మార్చి అల్లితే ఒకే కండరం మీద భారం పడదు, ఒకటికి మించి పనులు పెట్టుకోవడంలో ఉన్న లాభం ఇది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు రాత్రిపూట తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మాత్రం బామ్ రాసి సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించండి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటే అలా అవుతుంది.

విమానంలో అల్లుకోవచ్చా?

అమెరికా విమానాశ్రయాల భద్రతా నిబంధనలు సూదులను చేతిసంచిలో అనుమతిస్తాయి. మన దగ్గర తనిఖీ చేసేవాళ్లు కాదన్నారంటే వాదించి లాభం లేదు. కూతురి పురిటికి వెళ్తూ సగం అల్లిన పాపాయి స్వెట్టర్‌ని అక్కడ వదులుకోవడం ఎందుకు? పొడవాటి లోహపు సూదులు పెద్ద పెట్టెలో వేసేయండి. చేతిసంచిలోకి వెదురు సర్క్యులర్ సూది (రెండు పొట్టి సూదుల్ని తీగతో కలిపినది), దాని మీద టోపీ. కత్తెర వద్దు. కుట్లలోంచి ఒక నూలు దారం ముందే దూర్చి పెట్టుకుంటే, సూది తీసేసుకున్నా అల్లిక ఊడిపోదు.

సంక్రాంతి అయిపోయింది, రెండు మిగిలిపోయాయి. విప్పేయనా?

ఒక్కోదాన్నీ చూసి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఇప్పుడే పూర్తయి చేతికొస్తే ఎవరైనా వేసుకుంటారా? కొలత తప్పిందనో, రంగు నచ్చలేదనో సమాధానం వస్తే విప్పేయండి. విప్పిన ఊలును కుర్చీ వీపు చుట్టూ చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీడలో వేలాడదీయండి. వంకరలు పోతాయి. అక్రిలిక్‌కి పూర్తిగా పోకపోవచ్చు, అయినా అల్లడానికి పనికొస్తుంది. ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టకండి, కరిగి చదునైపోతుంది.

వేసుకుంటారు అనుకున్నవి చీటీతో సహా దాచండి. పురుగు తినేది అసలు ఊలునే, అక్రిలిక్ జోలికి పెద్దగా రాదు. కలరా ఉండలు పిల్లల బట్టల దగ్గర వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసివాళ్లకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరి తగిలితే రక్తకణాలు విరిగి కామెర్లు రావచ్చు, ఆ లోపం ఉందో లేదో చాలామందికి తెలియనే తెలియదు. అసలు ఊలు ఉండల్ని గాలి చొరని కవరులో పెట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు గుడ్లతో సహా చస్తుంది. ఆవకాయ కారాల పక్కన పెట్టకండి, వాసన పడుతుంది.

ఎండాకాలం కూడా అల్లుతారా?

మార్చి తర్వాత చెమట చేతులతో ఊలు సూది మీద జరగదు. అప్పుడు నూలు దారం, క్రోషా. మిగిలిపోయిన స్వెట్టర్లలో కుట్టి జోడించాల్సినవి ఉంటే మాత్రం ఏసీ గదిలో కూర్చుని ఆ పని ముగించండి, దానికి అల్లిక సూదులు అక్కర్లేదు, గంటన్నర చాలు.